గింజ కాపాడిన లిల్లీ

పంతొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి ఇంగ్లండ్ తోటల్లో లిల్లీకి ఒక చెడ్డపేరు స్థిరపడిపోయింది. దుంప కొని నాటితే మొదటి వేసవిలో కళ్లు చెదిరేలా పూస్తుంది. రెండో ఏడు నీరసిస్తుంది. మూడో ఏడు మట్టి తవ్వి వెతికినా కనబడదు. నేల పడలేదన్నారు కొందరు, నీరు ఎక్కువైందన్నారు మరికొందరు, సున్నం తగిలిందన్నారు ఇంకొందరు. పదిమంది తోటమాలులున్న పెద్ద బంగళాలో చచ్చిపోయే మొక్క, ఎవరూ పట్టించుకోని కూలివాడి పెరట్లో ఏళ్ల తరబడి ఎలా పూస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. కారణం తెలియనప్పుడు మొక్కకు మనసు అంటగట్టడం తేలిక. లిల్లీకి పంతం ఎక్కువ, చోటు నచ్చకపోతే అలిగి వెళ్లిపోతుంది అనే మాట తోటపని పుస్తకాల్లోకి కూడా ఎక్కింది. ఆ పేరు లిల్లీ స్వభావం వల్ల వచ్చింది కాదని నా వాదన. దాన్ని తవ్విన తీరు, ఓడలకెక్కించిన తీరు, అన్నిటికన్నా ముఖ్యంగా దాన్ని ఒక మొక్క నుంచి పదిమొక్కలుగా పెంచిన తీరు దానికి ఆ పేరు తెచ్చిపెట్టాయి. దుంప నుంచి దుంప తీస్తూ పోయినంతకాలం లిల్లీ తోటల్లో చస్తూ వచ్చింది. గింజ వేసి ఓపిక పట్టడం నేర్చుకున్నాక నిలబడింది. ఈ మార్పుకు దాదాపు వందేళ్లు పట్టింది. ఆ వందేళ్లలో లిల్లీని పెంచే పద్ధతి మారింది, ఒక లిల్లీని మరొక లిల్లీ నుంచి గుర్తుపట్టే పద్ధతి కూడా దాంతోపాటే మారింది.

ముందు ఏ మొక్క గురించి ఈ మాటలో తేల్చుకోవాలి. మన పూలమార్కెట్లలో కిలోల లెక్కన తూచి అమ్మే లిల్లీ పూలు నేలసంపెంగలు. అది మెక్సికో నుంచి వచ్చిన వేరే కుటుంబం మొక్క. తొలకరికి కుండీల్లో పూసే రెయిన్ లిల్లీ, చెరువుల్లో తేలే వాటర్ లిల్లీ, ఒక్కరోజుకే వాడిపోయే డే లిల్లీ కూడా ఈ కథలోకి రావు. వృక్షశాస్త్రజ్ఞులు లిలియం అని పిలిచే ప్రజాతిలో దాదాపు 100 జాతులున్నాయి. అన్నీ ఉత్తరార్ధగోళానివే. ఐరోపా, హిమాలయాలు, చైనా, జపాన్, ఉత్తర అమెరికా వాటి నేలలు. దక్షిణాన వాటికి దాదాపు చివరి మజిలీ మన నీలగిరి, పళని కొండలు. అక్కడి పొడవాటి తెల్లని బాకా పువ్వుకు 1853లో రాబర్ట్ వైట్ శాస్త్రీయనామం పెట్టాడు. ఆయన గ్రంథాలకు ఏళ్ల తరబడి బొమ్మలు గీసిన చిత్రకారుల పేర్లు రంగయ్య, గోవిందు. దక్షిణభారత వృక్షశాస్త్రానికి వాళ్లు చేసిన సేవకు తగిన గుర్తింపు మన భాషలో ఇంకా రాలేదు. ఈ ప్రజాతిని పట్టిచ్చే గుర్తులు రెండు మూడు. పువ్వుకు ఆరు రేకులు, ఆరు కేసరాలు ఉంటాయి. కేసరం కొసన పుప్పొడి తిత్తి నడిమికి అతుక్కుని ఊగుతూ ఉంటుంది. కాండం పొడుగునా ఆకులుంటాయి. అసలైన గుర్తు మట్టిలో ఉంది. నీరుల్లికి ఉన్నట్టు లిల్లీ దుంపకు పైన ఎండుపొర ఉండదు. కండగల పొలుసులు ఒకదానిమీద ఒకటి వదులుగా పేర్చినట్టుంటాయి. అడుగున ఉన్న వేళ్లు చలికాలంలోనూ బతికే ఉంటాయి. తులిప్ దుంపను ఎండబెట్టి అటక మీద పెట్టినా ఫర్వాలేదు. లిల్లీ దుంప అలా ఆరితే సగం చచ్చినట్టే. తర్వాత జరిగిన నష్టాలన్నిటికీ మూలం ఈ నిర్మాణంలోనే ఉంది.

దుంప వల్ల ఎంత సులువుందో ముందు చెప్పడం న్యాయం. 1804లో మొక్కల సేకర్త విలియం కెర్ చైనాలోని కాంటన్ నుంచి లండన్ దగ్గరి క్యూ ఉద్యానానికి టైగర్ లిల్లీని పంపాడు. నారింజరంగు రేకులమీద నల్లచుక్కలున్న ఈ మొక్కను చైనా, జపాన్, కొరియా రైతులు అంతకు వందల ఏళ్ల ముందు నుంచే పండిస్తున్నారు. పువ్వు కోసం కాదు, దుంపను వండుకు తినడానికి. దీని ఆకు మొదట్లో, కాండానికి ఆనుకుని, మిరియాలంత నల్లటి చిట్టిగడ్డలు పుడతాయి. అవి రాలినచోటల్లా మొక్క వస్తుంది. క్యూ ఉద్యానాన్ని నడిపిన విలియం ఐటన్ వాటిని పోగుచేసి నాటించి, 1812 నాటికి 10,000కు పైగా దుంపలు పంచిపెట్టాడని ఉద్యానచరిత్ర చెబుతుంది. కొత్త మొక్క ఎనిమిదేళ్లలో అంతమందికి చేరడం ఆనాటికి విశేషమే. కానీ ఆ చిట్టిగడ్డల్లో రెండు సంగతులు దాగి ఉన్నాయి. తోటల్లోని టైగర్ లిల్లీ మామూలుగా ఉండే రెండింటికి బదులు మూడు క్రోమోజోమ్ సెట్లున్న మొక్క, దానికి గింజ కట్టదు. అంటే పంచిన వేలాది దుంపలూ ఒకే మొక్క తునకలు. రెండోది, ఈ మొక్క కొన్ని వైరస్‌లను ఒంట్లో మోస్తూ కూడా పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. పక్కనున్న సున్నితమైన జాతులకు పేనుబంక ద్వారా ఆ జబ్బును అంటించి, తాను మాత్రం పచ్చగా పూస్తూ ఉంటుంది. లిల్లీలన్నీ ఒకేచోట సేకరించుకున్న సంపన్నుల తోటల్లో మిగతా జాతులు ఎందుకు క్షీణించాయో, ఒంటరిగా ఒకే రకం పెంచుకున్న పేదల పెరళ్లలో ఎందుకు నిలిచాయో చెప్పడానికి ఈ ఒక్క వాస్తవం చాలావరకు సరిపోతుంది.

1862 జులైలో లండన్ ప్రదర్శనలో వీచ్ నర్సరీవాళ్లు జపాన్ నుంచి తెచ్చిన ఔరాటమ్ లిల్లీని పెట్టారు. జానెడు వెడల్పున తెల్లటి పువ్వు, ప్రతి రేక నడుమా బంగారుచార, చుట్టూ ఎర్రటి మచ్చలు, గది నిండే వాసన. ఆ పువ్వు తెచ్చిన గిరాకీ యోకోహామా రేవును లిల్లీ రేవుగా మార్చింది. జపాన్ కొండల్లో తవ్విన దుంపలు బంకమట్టి పూసి పెట్టెల్లో సర్ది, భూమధ్యరేఖ దగ్గరి వేడిలో వారాల తరబడి ప్రయాణించి, లండన్ వేలంపాటల్లో లాట్లుగా అమ్ముడయ్యేవి. శతాబ్దాంతానికి ఈ ఎగుమతి ఏటా లక్షల్లోకి చేరింది. తవ్వేటప్పుడే అడుగు వేళ్లు తెగిపోయేవి. దెబ్బ తగిలిన పొలుసుల్లో బూజు చేరేది. అయినా దుంపలో నిల్వ ఉన్న ఆహారంతో మొదటి ఏడాది పువ్వు వచ్చేది. కొన్నవాడికి ఆ పువ్వే రుజువు. రెండో ఏడాది మొక్క చస్తే తప్పు తన నేలదో, తన తోటమాలిదో అనుకునేవాడు, మళ్లీ కొనేవాడు. అమ్మినవాడికి మొక్క బతకాల్సిన అవసరం లేదు. ఈ వ్యాపారంలో ఎవరూ మోసం చేయలేదని ఒప్పుకుంటాను. కానీ చచ్చిన ప్రతి దుంపా మరో దుంప అమ్మకానికి దారితీసే ఏర్పాటులో, గింజ నుంచి మొక్కను పెంచి నిలబెట్టాలన్న ఆలోచన ఎవరికి లాభం? జపాన్ కొండవాలులు మాత్రం ఏటేటా ఖాళీ అయ్యాయి.

ఇదే కాలంలో అమెరికాలో ఒక మనిషి గింజ దారి పట్టి, సగంలో ఆగిపోయాడు. ఫ్రాన్సిస్ పార్క్‌మన్ పేరు చరిత్రకారుడిగా ప్రసిద్ధం. చూపు మందగించి, నడక కష్టమైన రోజుల్లో ఆయన బోస్టన్ శివార్లలో తోటపని చేపట్టాడు. హార్వర్డ్ వ్యవసాయ విభాగంలో కొంతకాలం ఉద్యానశాస్త్రం బోధించాడు కూడా. 1860ల చివర్లో స్పెసియోజమ్ లిల్లీ మీద ఔరాటమ్ పుప్పొడి చల్లి గింజ కట్టించాడు. వచ్చిన నారులో ఒక్క మొక్క మాత్రమే తండ్రి పోలిక చూపించింది. ఔరాటమ్ అంత పువ్వు, స్పెసియోజమ్ ఎరుపు. ఆ ఒక్క మొక్కను దుంపలుగా విడదీసి, ఆ మొత్తాన్ని 1876లో ఒక ఇంగ్లిష్ నర్సరీకి అమ్మాడు. పత్రికలు పొగిడాయి, ప్రదర్శనల్లో జనం మూగారు. కొన్నేళ్లకు ఆ మొక్క తోటల్లోంచి అదృశ్యమైంది. పార్క్‌మన్ చేసిన పని అసాధారణం. రెండు ప్రసిద్ధ జపాన్ జాతులను కలపవచ్చని నిరూపించాడు. కానీ నిరూపణ ఒక్క మొక్కలో ఉండిపోయింది, ఆ మొక్కతోపాటే పోయింది. అదే సంకరాన్ని ఏటా మళ్లీ చేసి, ఏటా గింజ వేసే ఏర్పాటు ఎవరైనా చేసి ఉంటే ఆ లిల్లీ అంతరించడానికి కారణమే ఉండేది కాదు. ఆ ఏర్పాటు కోసం మరో డెబ్బై ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

ఆ మధ్యకాలంలో జబ్బు అసలు రూపం మెల్లగా బయటపడింది. మొదట దొరికింది శిలీంధ్రం. సిలోన్‌లో కాఫీతోటలను నాశనం చేసిన తుప్పు తెగులును పరిశోధించి పేరు తెచ్చుకున్న హ్యారీ మార్షల్ వార్డ్, 1888లో తెల్లలిల్లీ ఆకుల్ని మాడ్చే బోట్రైటిస్ బూజు మీద సుదీర్ఘమైన పరిశోధనా వ్యాసం వెలువరించాడు. అలక అనుకున్నదానిలో కొంత భాగానికి సూక్ష్మదర్శినిలో కనిపించే కారణం దొరికింది. మిగతా భాగానికి కారణం సూక్ష్మదర్శినికి కూడా అందేది కాదు. అట్లాంటిక్ మధ్యలోని బెర్ముడా దీవుల్లో 1880ల నుంచి ఈస్టర్ పండుగకు వాడే తెల్ల లాంగిఫ్లోరమ్ దుంపల సాగు పెద్ద పరిశ్రమ. శతాబ్దం చివరికి అక్కడి పొలాల్లో ఆకులు మెలితిరిగి, పువ్వులు వంకరపోయి, పంట కుప్పకూలింది. కొనుగోలుదారులు జపాన్ వైపు తిరిగారు. పేనుబంక రసం పీల్చడం వల్లే ఆకు ముడుచుకుంటోందని చాలాకాలం అనుకున్నారు. 1920లలో అక్కడ పనిచేసిన తెగుళ్ల నిపుణుడు లారెన్స్ ఓగిల్వీ, అది వైరస్ అని, పేనుబంక దాన్ని మోసుకుపోయే వాహనమని తేల్చాడు. 1928లో ఇంగ్లండ్‌లో డొరొతీ కేలీ తులిప్ పువ్వుల మీది రంగుచారలు కూడా అంటుకునే జబ్బేనని దుంపను దుంపకు అంటుగట్టి చూపించింది. ఆ తులిప్ వైరస్ లిల్లీకీ సోకుతుంది. ఈ పరిశోధనలన్నీ కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. దుంపలో వైరస్ ఉంటే దాని ప్రతి పొలుసులో, ప్రతి పిల్లదుంపలో ఉంటుంది. గోదావరి లంకల్లో అరటి రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. వెర్రితెగులు తగిలిన చెట్టు పిలక తెచ్చి నాటితే ఆ పిలకతో పాటే తెగులూ తోటలోకి వస్తుందని అతనికి తెలుసు. లిల్లీకి ఉన్న అదృష్టం, అరటికి లేనిది, గింజ. లిల్లీ వైరస్‌లు సాధారణంగా గింజలోకి పోవు. జబ్బుమొక్క కాయలోంచి తీసిన గింజ కూడా ఆరోగ్యంగా మొదలవుతుంది.

గింజకు ఇంత గుణం ఉంటే పాతకాలంవాళ్లు ఎందుకు వేయలేదన్న ప్రశ్నకు సగం జవాబు వ్యాపారంలో ఉంది, మిగతా సగం మొలకలో ఉంది. లిల్లీ గింజలు అన్నీ ఒకలా మొలవవు. రెగేల్, లాంగిఫ్లోరమ్, ఫార్మోసానమ్ లాంటివి ఉల్లినారులా కొద్దివారాల్లో పచ్చటి మొలకను పైకి పంపుతాయి. ఔరాటమ్, మార్టగాన్ లాంటి జాతులు అలా కాదు. వాటి గింజ మొదట వెచ్చదనంలో మట్టి లోపలే పగిలి, శనగగింజ కన్నా చిన్న దుంపను కట్టుకుంటుంది. పైకి ఏమీ రాదు. ఆ దుంపకు ఒక చలికాలం తగలాలి. ఆ తర్వాతి వసంతంలో గానీ మొదటి ఆకు కనబడదు. గింజ వేసిన రోజు నుంచి ఆకు చూసే రోజుకు ఏడాదిన్నర దాటవచ్చు. ఆరునెలలు నీళ్లుపోసి, గింజ చచ్చిందనుకుని మట్టి పారబోసిన కుండీలెన్నో. ఆ మట్టిలో బతికున్న దుంపలు పోయాయి. ఔరాటమ్ గింజ నుంచి పెరగదన్న అపోహ అలా బలపడింది. గింజ మీద అనుమానం ఉన్నవాళ్లు ఈ ఆలస్యాన్నే ఎత్తిచూపుతారు. పువ్వు కోసం అయిదారేళ్లు ఎవరు ఆగుతారని అడుగుతారు. ఆగడం కష్టమే. కానీ లెక్క సరిగ్గా వేయాలి. మూడేళ్లకోసారి చచ్చి, మళ్లీ కొనే దుంపకు పెట్టిన డబ్బూ, కాలమూ ఆ లెక్కలోకి రావాలి. అలా చూస్తే అయిదేళ్లకు పూసి ఇరవై ఏళ్లు నిలిచే మొక్క ఆలస్యం కాదు.

ఓపిక తక్కువవాళ్లకు జవాబుగా రెగేల్ లిల్లీ వచ్చింది. మొక్కల అన్వేషకుడు ఎర్నెస్ట్ విల్సన్ దాన్ని 1903లో చైనాలోని సిచువాన్‌లో, మిన్ నది లోయలో చూశాడు. మొదట వీచ్ నర్సరీకి పంపితే అక్కడ దాన్ని వేరే జాతి పేరుతో అమ్మారు. 1910లో అమెరికాలోని అర్నాల్డ్ ఆర్బరీటమ్ అనే వృక్షోద్యానం తరఫున మళ్లీ వెళ్లి, కొండవాళ్ల చేత సుమారు 6,000 దుంపలు తవ్వించే ఏర్పాటు చేశాడు. తిరుగుదారిలో కొండచరియ విరిగిపడి అతని కాలు రెండుచోట్ల విరిగింది. కెమెరా ముక్కాలిపీట కొయ్యలే కట్టుబద్దలయ్యాయి. ఇరుకుదారిలో ఎదురైన కంచరగాడిదల బిడారు పడుకోబెట్టిన అతని మీదుగా దాటి వెళ్లింది. తర్వాత జీవితమంతా అతను కుంటుతూనే నడిచాడు. ఈ కథను తోటల పుస్తకాలన్నీ చెబుతాయి. ఆ సాహసం నాకూ గౌరవనీయమే. అయితే రెగేల్‌ను ప్రపంచానికి ఇచ్చింది ఆ 6,000 దుంపలని తేల్చేసే ముగింపుతో నాకు పేచీ ఉంది. ఔరాటమ్ దుంపలు అంతకు ఎన్నో రెట్లు వచ్చాయి, తోటల్లో నిలవలేదు. రెగేల్ నిలవడానికి కారణం దాని కాయ. ఒక్కో కాయలో వందలకొద్దీ గింజలు కడుతుంది, తేలిగ్గా మొలుస్తుంది, రెండో మూడో ఏటికల్లా పూస్తుంది. నర్సరీలకు చైనా నుంచి మళ్లీ దుంప తెప్పించాల్సిన అవసరం లేకపోయింది. ఇరవయ్యేళ్లలో అది సామాన్యులు కొనగలిగే మొక్కయింది. మొండి జాతి కాబట్టి ఎలా పెంచినా బతికేదని ఇక్కడ ఎవరైనా అడ్డు చెప్పవచ్చు. వైరస్ సోకిన రెగేల్ కూడా గిడసబారుతుంది, పువ్వులు తగ్గిపోతాయి. తేడా ఒక్కటే. దాని యజమాని దిగులుపడకుండా కొత్తగా గింజ వేసుకోగలడు.

గింజల వాడకాన్ని ఒక పరిశ్రమ స్థాయికి తెచ్చినవాళ్లలో ఇద్దరి పేర్లు తప్పక చెప్పుకోవాలి. ఇసబెల్లా ప్రెస్టన్ ఇంగ్లండ్ నుంచి కెనడా వెళ్లి, గ్వెల్ఫ్‌లో చదువుతూ పనిచేస్తూ రెగేల్‌ను సార్జెంటియే అనే మరో జాతితో కలిపి ఒక మేలైన బాకా లిల్లీని సాధించింది. 1920 నుంచి ఒట్టావాలోని కేంద్ర ప్రయోగక్షేత్రంలో గడ్డకట్టే చలిని తట్టుకునే లిల్లీలను నారుమళ్లలో ఏరి పెట్టింది. తన కార్యాలయంలోని స్టెనోగ్రాఫర్ల పేర్లు కొన్నిటికి, యుద్ధవిమానాల పేర్లు కొన్నిటికి పెట్టింది. యాన్ డి గ్రాఫ్ హాలండ్‌లో తరాలుగా దుంపల వ్యాపారం చేసిన కుటుంబంవాడు. అమెరికా పడమటి తీరంలో, ఒరెగాన్ రాష్ట్రంలో పొలం తీసుకుని, మంచి తల్లిదండ్రులను ఎంచి వాటి మధ్య ఏటా అదే సంకరం చేసి, లక్షల్లో నారుపోసి, వచ్చిన మొక్కలన్నిటినీ ఒకే వరస పేరుతో అమ్మడం మొదలుపెట్టాడు. గోల్డెన్ క్లారియన్, బ్లాక్ డ్రాగన్, ఆఫ్రికన్ క్వీన్ అలాంటి వరసలే. పార్క్‌మన్ దగ్గర ఆగిపోయిన ఆలోచన ఇక్కడ పూర్తయింది. ఒక మొక్క జబ్బుపడితే వరస పోదు. తల్లి చచ్చినా తల్లిలాంటిది మరొకటి నారుమడిలో ఉంటుంది.

దీనికి అప్పుడే గట్టి అభ్యంతరం వచ్చింది. అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఒకే పేరుతో కొన్న పది దుంపలు పదిరకాలుగా పూస్తే ఆ పేరుకు అర్థమేమిటి? దుంప నుంచి తీసిన రకానికి పేరు పెడితే ఆ పేరు ఒకే ఒక్క మొక్కది. ఎక్కడ పూసినా రంగు, మచ్చ, ఎత్తు ఒకటే. గింజ నుంచి వచ్చిన వరసలో అన్నదమ్ముల పోలిక ఉంటుంది, కవలల పోలిక ఉండదు. ప్రదర్శనల్లో న్యాయనిర్ణేతలకు తలనొప్పి, కొన్నవాడికి నిరాశ. ఈ విమర్శలో న్యాయం ఉంది. లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 1960లో అంతర్జాతీయ లిల్లీ రిజిస్టర్ అచ్చువేసింది. అలాంటి పట్టిక పక్కన ఉంటేనే ఏ పేరు ఒక్క మొక్కది, ఏ పేరు ఒక వరసది అని కొనేవాడు విడదీసి చూసుకోగలడు. కానీ గింజ వల్ల లిల్లీల గుర్తింపు గందరగోళమైందన్న మాట పూర్తి నిజం కాదు. ఇంకో వైపు నుంచి గింజ ఆ గుర్తింపును బాగుచేసింది. అంతకుముందు లిల్లీలను ఎక్కువగా పువ్వు ఆకారంతో విడగొట్టేవారు. బాకాలు ఒక గుంపు, గిన్నెలు ఒక గుంపు, తలపాగా చుట్టినట్టు రేకులు వెనక్కి తిరిగినవి ఒక గుంపు. 1949లో హెరాల్డ్ కోంబర్ పదిహేను లక్షణాలు తీసుకుని ప్రజాతిని ఏడు విభాగాలుగా పంచాడు. వాటిలో గింజ మొలిచే తీరుకు, అది వెంటనే మొలుస్తుందా ఆలస్యంగానా, మట్టిపైనా లోపలా అన్నదానికి ముఖ్యస్థానం ఇచ్చాడు. ఆకులు కాండం చుట్టూ వలయంగా ఉన్నాయా, పొలుసుకు కణుపు ఉందా, కాండం నుంచి వేళ్లు వస్తాయా అన్నవి మరికొన్ని. వేలాది కుండీల్లో గింజలు వేసి, ఏవి ఎప్పుడు తల ఎత్తాయో రాసిపెట్టుకున్న తరం లేకపోతే ఆ వర్గీకరణే పుట్టేది కాదు. తర్వాతి కాలంలో డీఎన్ఏ పరిశీలనలు కొన్ని జాతులను ఒక విభాగం నుంచి మరోదానికి మార్చినా, కోంబర్ గీసిన పటాన్ని చాలావరకు నిలబెట్టాయి. ఆయన 1952 నుంచి పనిచేసిన చోటు డి గ్రాఫ్ పొలమే కావడం ఈ రెండు పనుల మధ్య చుట్టరికాన్ని చూపిస్తుంది.

నా వాదనకు ఇంతకన్నా బరువైన ప్రతివాదం తెల్లలిల్లీ. క్రీట్ దీవిలోని అమ్నిసోస్‌లో మూడువేల అయిదువందల ఏళ్లనాటి ఇంటిగోడమీద తెల్లలిల్లీల చిత్రాలు దొరికాయి. ఐరోపా మఠాల తోటల్లో, పెరళ్లలో అది దుంపల ద్వారానే తరతరాలు చేతులు మారింది. తోటల్లో పెరిగే మొక్కకు తన పుప్పొడితో తనకు గింజ దాదాపుగా కట్టదు. దుంప దారి మరణమార్గమైతే ఇదెలా బతికింది? నా జవాబులో రెండు భాగాలున్నాయి. బతికిన తెల్లలిల్లీలే మన కంటికి కనబడతాయి. శతాబ్దాల్లో ఎన్ని పెరళ్లలో ఎన్ని మొక్కలు క్షీణించి పోయాయో చిత్రాల్లో ఉండదు. రెండోది, అది బతికినచోట్లు చూడాలి. ఇతర లిల్లీలు లేని, ఒకదానికొకటి దూరంగా ఉన్న పల్లె పెరళ్లు అవి. జబ్బు అంటించే పొరుగు లేదు. గెర్ట్రూడ్ జీకిల్ 1901లో ఇంగ్లిష్ తోటల లిల్లీల మీద పుస్తకం తెచ్చినప్పుడు పల్లెపెరడుకూ పెద్దతోటకూ మధ్య ఈ తేడా తోటవాళ్లందరికీ తెలిసిన చిక్కుముడే. తూర్పు జాతులు ఓడల్లో దిగి పెద్ద తోటల్లో చేరాక తెల్లలిల్లీకి ఆ ఒంటరితనపు రక్షణ పోయింది. వేరేచోటి నుంచి తెచ్చిన తెల్లలిల్లీ పుప్పొడి చల్లితే అదీ గింజ కడుతుంది, ఆ నారు తల్లికన్నా పుష్టిగా లేస్తుంది.

మరో ప్రతివాదం ఆధునికం. 1952లో ఫ్రాన్స్‌లో జార్జ్ మొరెల్, క్లాడ్ మార్టిన్ డాలియా మొక్క కొనలోని అతిసన్నని కణజాలాన్ని గాజుగొట్టంలో పెంచి, వైరస్ లేని మొక్క సాధించారు. అదే మార్గం తర్వాత లిల్లీకీ వచ్చింది. 1974లో కాలిఫోర్నియాలో లెస్లీ వుడ్రిఫ్ నారుమడిలో పుట్టిన స్టార్‌గేజర్ అనే లిల్లీ రకం ఇప్పటికీ ప్రపంచమంతా అమ్ముడవుతోందంటే ఇలాంటి కణజాల వర్ధనం, పరీక్షలు, శుభ్రమైన పొలాలు కారణం. హైదరాబాద్ పూలదుకాణాల్లో కనిపించే పెద్ద గులాబీరంగు లిల్లీలు కూడా ఎక్కువగా నెదర్లాండ్స్ నుంచి వచ్చిన అలాంటి దుంపల పూలే. బెర్ముడాలో ఓగిల్వీ చేసింది కూడా, జబ్బుమొక్కలను ఏరి పారేయించి, దుంప పంటను నిలబెట్టడమే. 1919లో లూయిస్ హౌటన్ ఒక సూట్‌కేసు నిండా దుంపలు ఒరెగాన్ దక్షిణతీరానికి తెచ్చి మిత్రులకు పంచితే, రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సరుకు ఆగిపోయిన రోజున ఆ దుంపల సంతానమే అమెరికా ఈస్టర్ లిల్లీ పరిశ్రమకు పునాది అయింది. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఇవి నా మాటను కాదనవు. జబ్బు తీసేస్తే అదే మొక్క బలంగా లేస్తోందంటే, లోపం స్వభావంలో లేదని ప్రయోగశాలే సాక్ష్యం చెప్పినట్టు. పైగా ఆ శుభ్రత నిలవాలంటే ఏటా పరీక్షలు, కాపలా కావాలి. ప్రయోగశాల లేని తోటవాడి పెరట్లో మొదటి పేనుబంక వాలిన రోజే అది పోతుంది. అతని చేతిలో ఉన్న ఉపాయం గింజ. స్టార్‌గేజర్ కూడా మొదట ఒక గింజే. జపాన్‌లో ఫార్మోసానమ్, లాంగిఫ్లోరమ్ కలిపి తీసిన రకాలను కోతపూల రైతులు ఈనాటికీ ఏటా గింజ నుంచే పెంచుతున్నారు. ఫార్మోసానమ్ పోలికవల్ల అవి ఏడాది లోపే పూస్తాయి కూడా.

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. హిమాలయాల పడమటి భాగంలో పెరిగే పాలిఫిల్లమ్ లిల్లీ దుంపను ఆయుర్వేదంలో క్షీరకాకోలిగా వాడతారు. అష్టవర్గంలోని ఎనిమిది మూలికల్లో అది ఒకటి, చ్యవనప్రాశలో చేరే దినుసు. యోకోహామాలో జరిగినదే ఇక్కడా జరిగింది. అడవి దుంపే సరుకు, తవ్వినవాడికి తవ్వినంత. మొక్క నేడు అంతరించే ప్రమాదపు అంచున ఉంది. దట్టమైన గడ్డిలో ఆ మొక్కను పట్టిచ్చేది పువ్వు. కాబట్టి తవ్వేవాడు పువ్వు ఉన్నప్పుడే వస్తాడు, కాయ ముదరకముందే దుంప బయటికి వస్తుంది, ఆ కొండ మీద ఆ ఏటి గింజ రాలదు. కాయ పగిలేదాకా ఆగి, గింజ పక్కనే చల్లి, ఆ తర్వాత దుంప తీయడం మొదటి మెట్టు. నారుమళ్లలో పెంచిన దుంపకు మందుల తయారీదార్లు తవ్వుకొచ్చిన దుంపకన్నా ఎక్కువ ధర కట్టడం రెండోది. గింజ నుంచి పనికొచ్చేంత దుంప తయారవడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్ల ఖర్చు ఎవరూ భరించనంతకాలం అడవి దుంపే చవగ్గా దొరుకుతుంది, దొరికినన్నాళ్లు.